ఈతకు తొలి పాఠం ఊపిరి

వేసవి సెలవులు ఇచ్చారంటే కృష్ణా డెల్టా పల్లెల్లో పిల్లల కాళ్లు ఇంట్లో నిలవవు. పొద్దెక్కేసరికి చెరువు గట్టు మీదో, కాలువ రేవులోనో ఉంటారు. చొక్కా విప్పి గట్టున పడేసి, లాకు గోడ మీద నుంచి దబ్బున దూకే కుర్రాళ్లను చూసి దారిన పోయేవాళ్లు బండి ఆపి మరీ నిలబడతారు. "నీళ్ల పక్కన పుట్టినవాడికి ఈత ఒకరు నేర్పాలా?" అని పెద్దవాళ్లు తేలిగ్గా అనేస్తారు.

ఆ వేసవిలోనే ఏదో ఒక ఊరి రేవులో ఒక తల్లి గుండెలు బాదుకుంటుంది. మర్నాడు పేపర్లో నాలుగు వరుసల వార్త పడుతుంది. ఊరు నాలుగు రోజులు బాధపడుతుంది. ఐదో రోజు మళ్లీ అదే రేవులో పిల్లలు దిగుతారు.

మన దేశంలో నీట మునిగి ఏటా 30 వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెబుతున్నాయి. ప్రపంచం మొత్తం మీద 2021లో సుమారు 3 లక్షల మంది ఇలా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లు నిండని పసివాళ్లే.

వీళ్లలో ఈత రానివాళ్లే అంతా ఉంటారనుకుంటే పొరపాటు. సగం వచ్చినవాళ్లూ ఉంటారు. నాలుగు బారలు వేసి అవతలి మెట్టు అందుకోగలిగితే మన పల్లెల్లో ఈత వచ్చినట్టే లెక్క. మెట్టు అందకపోతే ఏం చేయాలో ఆ కుర్రాడికి ఎవరూ చెప్పరు. నీళ్ల మధ్య అలసిపోతే వెల్లకిలా తిరిగి ఊపిరి పీల్చుకుంటూ తేలవచ్చునన్న సంగతి చాలామందికి పెద్దయ్యాక కూడా తెలియదు. ఈత పోటీల్లో పాల్గొందామని పట్నం కొలనుకు వెళ్లిన పల్లె కుర్రాడు సగం దూరానికే రొప్పుతూ గోడ పట్టుకునేదీ ఇందుకే. రెండు చోట్లా లోపం ఒక్కటే. చేతులూ కాళ్లూ నేర్చాయి గాని ఊపిరి నేర్వలేదు.

సొరకాయ బుర్ర నుంచి ప్లాస్టిక్ డబ్బా దాకా

ఈత నేర్పటం మన ఊళ్లకు కొత్త విద్యేం కాదు. వెనుకటి రోజుల్లో ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టేవారు. జీలుగు బెండ్లు కట్టేవారు. కొబ్బరి తోటలున్న చోట రెండు ఎండు కొబ్బరికాయలు పీచుతోనే జత చేసి, వాటి మధ్య పిల్లవాడిని బోర్లా పడుకోబెట్టేవారు. అరటి బోదె పట్టుకుని కాళ్లాడించినవాళ్లూ ఉన్నారు. తర్వాత లారీ ట్యూబులు వచ్చాయి. ఇప్పుడు ఖాళీ ప్లాస్టిక్ డబ్బా వీపుకు కడుతున్నారు.

పనిముట్టు ఏదైనా, నేర్పే పద్ధతిలో మెచ్చుకోదగ్గ గుణం ఒకటుండేది. మేనమామో, బాబాయో, తాతో మొలలోతు నీళ్లలో నిలబడి పిల్లవాడి పొట్ట కింద అరచేయి ఆనించేవాడు. "మావయ్యా, వదలొద్దు!" అని వాడు అరిస్తే "వదల్లేదురా, నేనున్నా, నువ్వు కాళ్లాడించు" అనేవాడు. ఆ చేయి ఎప్పుడు తీశాడో పిల్లవాడికి తెలిసేది కాదు. తెలిసేసరికి ఈత వచ్చేసేది. మనిషి పక్కనే ఉన్నాడన్న ధైర్యంతో వచ్చిన ఈత అది.

దీనికి తోడు ఇంకో పద్ధతి కూడా ఉంది. అది మాత్రం మానుకోవలసిందే. పిల్లవాడిని ఎత్తి బావిలోనో, లోతు రేవులోనో పడేయటం. "కొట్టుకుంటే వాడే తేలతాడు" అనటం. తేలినవాడు పెద్దయ్యాక గొప్పగా చెప్పుకుంటాడు. నీళ్లంటే జన్మంతా భయం పట్టుకున్నవాడు ఏమీ చెప్పడు, రేవు వైపే రాడు. ముక్కులోకి నీళ్లు పోయి ఉక్కిరిబిక్కిరైన పిల్లవాడికి ఆ రోజు నేర్పింది ఈత కాదు, బెదురు.

ట్యూబులూ డబ్బాలూ కూడా నేర్చుకునే వేళ సాయానికే. వాటిని నమ్మి పిల్లలను వదిలి గట్టెక్కటం కూడదు. ట్యూబు జారిపోతుంది. నడుముకు కట్టిన డబ్బా వెనక్కు పోయి కాళ్లను పైకి లేపితే తల కిందికి పోతుంది. డబ్బా మూత వదులుగా ఉంటే చెప్పనక్కరలేదు.

బేసినులో బుడగలు

ఈత మొదటి పాఠానికి చెరువు కూడా అక్కరలేదు. ఇంట్లో ఒక బేసినులో నీళ్లు పోసుకుంటే చాలు. నోటితో గాలి పీల్చి, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతోనూ నోటితోనూ మెల్లగా వదలాలి. బుడగలు వస్తాయి. ముఖం ఎత్తి మళ్లీ పీల్చాలి. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది. ఆపకుండా పదిసార్లు చేయగలిగితే సగం భయం పోయినట్టే. బేసిను పక్కన పెద్దవాళ్లు కూర్చుని ఉండాలి. పని కాగానే నీళ్లు పారబోయాలి.

ఇందులో కిటుకు ఒకటే. గాలి పీల్చటం నీటి పైన, వదలటం నీటి లోపల. కొత్తవాళ్లు దీన్ని తిరగేస్తారు. ముఖం మునిగినంతసేపూ ఊపిరి బిగబడతారు. తల పైకెత్తిన ఆ ఒక్క క్షణంలో పాత గాలి వదలాలి, కొత్త గాలి పట్టాలి. రెండింటికీ వ్యవధి చాలదు. సగం గాలితోనే మళ్లీ మునుగుతారు. మూడు నాలుగు బారలకే గుండె దడ, ఛాతీలో బిగువు, ఆ వెనుకనే కంగారు. దమ్ము లేదనుకుంటారు గాని, ఉన్న దమ్మును వాడుకునే తీరు తెలియకపోవటమే అది.

ఆ తర్వాత నీళ్లలోకి దిగాలి. నేర్చుకునేవాడి మొలలోతు మించకూడదు. మెట్టు పట్టుకుని బేసినులో చేసిన పనే ఇక్కడా చేయాలి. కళ్లు తెరిచి కింద తన పాదాలను చూసుకోవాలి. తర్వాత మెట్టు వదలకుండా కాళ్లు పైకి తేలనివ్వాలి. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే మనిషి ఒళ్లు చాలావరకు నీటి పైకే వస్తుంది. బిగుసుకుంటే మునుగుతుంది. ఈ సంగతి చెవులతో వింటే నమ్మకం కుదరదు, ఒంటితో తెలుసుకోవాలి.

వెల్లకిలా తేలటం ఇంకా ముఖ్యం. తల వెనక్కు వాల్చి, చెవులు నీళ్లలో మునగనిచ్చి, పొట్ట పైకెత్తి, చేతులు చాపి ఆకాశం చూస్తూ పడుకోవాలి. నేర్పేవాళ్లు తల కింద ఒక చేయి, నడుము కింద ఒక చేయి ఉంచి, ముందు నడుము దగ్గర చేయి, తర్వాత తల దగ్గర చేయి తీయాలి. ఒక్క నిమిషం ఇలా తేలగలిగిన పిల్లవాడు, రెండు చేతులూ బాదుకుంటూ పది గజాలు పోయేవాడి కంటే భద్రంగా ఉన్నట్టు.

తేలిన తర్వాత నిలబడటం కూడా నేర్పాలి. చాలామంది దీన్ని మరచిపోతారు. బోర్లా తేలేవాడు మోకాళ్లు పొట్ట దగ్గరకు ముడిచి, చేతులతో నీళ్లను కిందికి నొక్కి, తల ఎత్తి, అప్పుడు పాదాలు నేలకు దించాలి. ఇది రానివాడు మొలలోతు నీళ్లలో కూడా కాళ్లందక గిలగిల్లాడతాడు.

ఇవన్నీ వచ్చాక మెట్టును తన్నుకుని ముందుకు జారటం, ఆ తర్వాత కాళ్లాడించటం, చివరన చేతులు. మన రేవుల్లో ఇది పూర్తిగా తలకిందులు. అక్కడ చేతులతోనే మొదలవుతుంది.

పసివాళ్ల సంగతి

ఎన్నో ఏట నేర్పాలన్నది తల్లిదండ్రులు అడిగే మొదటి మాట. ఆరేళ్లు దాటిన బడి పిల్లలందరికీ ఈత, నీటి దగ్గర మెలకువలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. నాలుగేళ్ల నుంచి చాలామంది పిల్లలకు చెప్పింది చేసే శక్తి వస్తుంది. అంతకంటే చిన్నవాళ్లను తల్లి గాని తండ్రి గాని ఎత్తుకుని నీళ్లలో ఆడించి, నీటికి అలవాటు చేయవచ్చు. అలవాటైనంత మాత్రాన వాళ్లకు ఈత వచ్చిందనుకోరాదు.

అసలు పసివాళ్లకు గండం చెరువులోనే ఉండదు. పెరటి గాబులో ఉంటుంది. కుడితి తొట్టిలో, మూతలేని సంపులో, స్నానాల గది బకెట్లో ఉంటుంది. ఏడాదీ రెండేళ్ల పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. బకెట్లోకి వంగి తలకిందులైతే లేవలేరు. అరుపూ ఉండదు, చప్పుడూ ఉండదు. తల్లి పొయ్యి దగ్గర, తండ్రి పొలంలో ఉన్న వేళ కూతవేటు దూరంలోనే జరిగిపోతుంది. సంపుకు మూత, గాబుకు పలక, వాడిన బకెట్ బోర్లించటం అన్నవి ఈతకంటే ముందు నేర్చుకోవలసినవి. ఇవి పెద్దవాళ్లు నేర్వాల్సిన పాఠాలు.

మనలాగే చెరువులూ కాలువలూ నిండిన దేశం బంగ్లాదేశ్. అక్కడి పల్లెల్లో పసివాళ్లు పెద్ద సంఖ్యలో మునిగిపోతుంటే రెండు పనులు చేశారు. అమ్మలు పనిలో ఉండే వేళల్లో చిన్న పిల్లలను ఊళ్లోనే ఒకచోట చేర్చి చూసుకునే ఏర్పాటు ఒకటి. నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లలకు ఊరి చెరువులోనే ఈత నేర్పటం రెండోది. కొలనులు కట్టలేదు. చెరువులో ఒక మూల వెదురు బొంగులతో అడుగు వేసి, చుట్టూ దడి కట్టారు. లోతు పిల్లల ఎత్తుకు తగ్గట్టు ఉంటుంది. 25 మీటర్లు ఈదటం, 30 సెకన్లు నీటి మీద నిలవటం, తాను నీళ్లలోకి దిగకుండా గట్టు మీద నుంచే మరొకరిని కాపాడటం వస్తే నేర్చుకున్నట్టు లెక్క. అలా నేర్చిన పిల్లల్లో మునిగి చనిపోవటం 90 శాతానికి పైగా తగ్గిందని అక్కడి పరిశోధనలు తేల్చాయి. వెదురు మన ఊళ్లలోనూ దొరుకుతుంది.

ఆడపిల్లల మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బట్టలు ఉతకటానికి, గిన్నెలు కడగటానికి రేవులోకి దిగేది ఎక్కువగా వాళ్లే. పాకుడు మెట్టు మీద కాలు జారేదీ వాళ్లకే. ఈత నేర్పేది మాత్రం మగపిల్లలకు. పరికిణీ, చున్నీ నీళ్లలో కాళ్లకు చుట్టుకుంటాయి గనుక ఒంటికి అంటుకుని ఉండే ప్యాంటూ బనీనూ వేసి, ఇంటి ఆడవాళ్లో, ఈత వచ్చిన టీచరమ్మో దగ్గరుండి నేర్పితే అభ్యంతరం చెప్పటానికి ఏమీ మిగలదు. నలుగురి కళ్లకూ జంకితే తెల్లవారు వేళ ఉండనే ఉంది.

ఏ నీళ్లు మంచివి, ఏవి కావు

నేర్చుకోవటానికి కదలని నీళ్లు, గట్టి నేల, మెల్లగా దిగే అడుగు కావాలి. మెట్లున్న ఊరి చెరువు మేలు. పెద్దవాళ్లు ముందు దిగి అడుగు తొక్కి చూడాలి. గాజు పెంకు, ముళ్ల కంప, గుంత ఏదున్నా అప్పుడే తెలుస్తుంది. గేదెలు పడుకునే మురుగు గుంటలోకి కాలి పుండుతో దిగితే ఎలుక జ్వరం లాంటివి అంటుకుంటాయి. చెవి కారే పిల్లలను, మూర్ఛ ఉన్న పిల్లలను డాక్టరును అడగనిదే దింపరాదు.

పంట కాలువ నేర్చుకునే చోటు కాదు. ప్రకాశం బ్యారేజీ నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ నిండుగా పారేటప్పుడు పైకి నున్నగా కనిపించే నీటి కింద లాగుడు ఎంతుందో గట్టు మీద నిలబడితే తెలియదు. సిమెంటు చేసిన చోట గోడ ఏటవాలుగా ఉండి నాచు పట్టి ఉంటుంది. ఈత బాగా వచ్చినవాడు కూడా పైకి పాకలేక, పట్టు దొరకక అలసిపోతాడు. లాకుల దగ్గర, తూముల దగ్గర సుడి తిరుగుతుంది, కిందికి లాగుతుంది. పిల్లలకు దూకటానికి నచ్చేదీ సరిగ్గా అక్కడే.

కృష్ణ ఒడ్డున ఇసుక తీసిన గుంతలు ఇంకో మోసం. మోకాటి లోతు నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగు పక్కకు వేస్తే నిలువెత్తు దిగిపోతారు. చేపల చెరువులను ఈతకు ఎంచుకోవటం కూడా తగదు. గట్టు నిటారు, అడుగు బురద, గాలి ఆడించే యంత్రాలకు కరెంటు తీగలు. మోటారు ఉన్న బావీ అంతే.

లోతు తెలియని చోట తలకిందులుగా దూకటం గురించి ఎంత చెప్పినా తక్కువే. మెడ ఎముక విరిగితే ప్రాణం ఉన్నా కాళ్లూ చేతులూ పడిపోతాయి. ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారని పందెం వేసుకోవటం కూడా ఆట కాదు. మునగబోయే ముందు గబగబా పదిసార్లు గాలి పీల్చి మునిగినవాడికి లోపల గాలి చాలటం లేదన్న కబురు ఒళ్లు సకాలంలో అందించదు. కళ్లు తిరుగుతున్నాయని తెలియకుండానే స్పృహ తప్పుతుంది. పైన ఉన్నవాళ్లు "వీడే గెలిచేట్టున్నాడు" అనుకుంటూ ఉంటారు.

మునిగేవాడు అరవడు

సినిమాల్లో మునిగేవాడు చేతులు ఊపుతాడు, కేకలు వేస్తాడు. నిజానికి గాలి పీల్చటానికే తీరిక లేనివాడు కేక ఎక్కడ వేస్తాడు? నోరు నీటి అంచున, తల వెనక్కు, నిటారుగా పైకీ కిందికీ మునుగుతూ తేలుతూ ఉంటాడు. పక్కవాళ్లకు ఆడుకుంటున్నట్టే కనిపిస్తాడు. ఒక నిమిషం లోపే అయిపోవచ్చు. కాబట్టి పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్ద మనిషి గట్టున కళ్లప్పగించి ఉండాలి. సెల్‌ఫోను చూసుకుంటూ కూర్చున్న మనిషి లేనట్టే లెక్క. చిన్న పిల్లలైతే చేయి చాపితే అందేంత దగ్గరలో, నీళ్లలోనే ఉండాలి.

ఒకడు మునిగితే కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోవటం మన జిల్లా వార్తల్లో కొత్త కాదు. మునిగేవాడు అందినదాన్ని పట్టుకుని పైకెక్కబోతాడు. అది అన్నైనా, తండ్రైనా వదలడు. అందుకే దూకవద్దు. గట్టున బోర్లా పడుకుని వెదురు గెడ అందించాలి. తాడు, చీర, తువ్వాళ్ల ముడి ఏదైనా విసరాలి. మూత బిగించిన ఖాళీ డబ్బా విసిరినా దాన్ని పట్టుకుని తేలతాడు. ఊరి రేవులో చెట్టుకు ఒక గెడ, ఒక తాడు, ఒక డబ్బా ఎప్పుడూ కట్టి ఉంచటానికి పంచాయతీకి పెద్ద ఖర్చేం కాదు.

బయటకు తీశాక తలకిందులుగా వేలాడదీయటం, బిందె మీద బోర్లా వేసి దొర్లించటం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించటం మన ఊళ్లలో ఇంకా చూస్తుంటాం. వాటితో విలువైన నిమిషాలు పోతాయి, కక్కుడు ఊపిరితిత్తుల్లోకి పోయి ముప్పు పెరుగుతుంది. ఊపిరి ఆడకపోతే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కు వాల్చి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ లేచేలా రెండుసార్లు గాలి ఊదాలి. ఉలుకూ పలుకూ లేకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కి మళ్లీ రెండుసార్లు ఊదాలి. 108 బండి వచ్చేదాకా ఆపకూడదు. తేరుకున్నాడు కదా అని ఇంటికి తీసుకుపోకూడదు. కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావచ్చు గనుక ఆస్పత్రికి చేర్చాల్సిందే.

పోటీకి పోయే కుర్రాళ్లకు

కాలువను అడ్డంగా మూడు నాలుగు సార్లు ఈదేసే పిల్లలు డెల్టాలో ఊరూరా ఉన్నారు. ఒంట్లో బలం ఉంది, నీళ్ల భయం లేదు. పోటీకి ఇంతకంటే పునాది అక్కరలేదు. కానీ వాళ్ల ఈత తల పైకెత్తిన ఈత. ఎదురుగా చెత్తో, పామో వస్తుందేమోనని చూసుకుంటూ ఈదే అలవాటు. కాలువలో అది తెలివే. పోటీలో అదే బరువు. తల పైకి లేస్తే నడుము కిందికి దిగుతుంది. నడుము దిగితే ఒళ్లు నీటికి అడ్డు పలకలా నిలుస్తుంది. ఎంత బలంగా బార వేసినా సగం బలం ఆ అడ్డును తోయటానికే సరిపోతుంది.

ముఖం నీళ్లలో పెట్టి, చూపు కిందికి ఉంచి, బోదెలా సాగి ఈదాలి. బుడగలు వదులుతూ ఉండి, గాలి కావాలన్నప్పుడు తల ఎత్తకుండా పక్కకు తిప్పాలి. ఒక చెవి నీళ్లలోనే ఉండాలి. కాళ్లు మోకాలి దగ్గర మడిచి సైకిలు తొక్కినట్టు తొక్కకూడదు. తొడ నుంచి కదలాలి, మడమ కీలు వదులుగా ఉండాలి. బేసినులో నేర్చిన బుడగల పాఠమే ఇక్కడికీ వస్తుంది. అది మొదటే నేర్చిన పిల్లవాడు ఈ మార్పును త్వరగా అందుకుంటాడు. పదిహేనేళ్లు వచ్చాక పాత అలవాటు వదిలించుకోవటం కష్టమే గాని, రాకపోవటమంటూ లేదు.

సాధనకు చెరువులో గట్టు వెంబడి, ఛాతీ లోతు నీళ్లలో, 25 మీటర్ల దూరాన రెండు బొంగులు పాతుకోవాలి. అడ్డంగా కాదు, గట్టు వెంబడే. అలసిపోతే నిలబడవచ్చు. మొదట్లో ఒకసారి ఈదటం, ఊపిరి కుదుటపడేదాకా నిలబడటం, మళ్లీ ఈదటం. అలా నాలుగుసార్లు చాలు. వేగం చూసుకోవద్దు. బారలు లెక్కపెట్టుకోవాలి. మొదట 30 బారలు పట్టిన దూరం 25 బారలకు తగ్గితే మెరుగైనట్టు. ఆ తర్వాత 50 మీటర్లు, తర్వాత 100. పెదవులు నీలం తిరిగినా, వణుకు వచ్చినా ఆ పూటకు చాలు.

పోటీల్లో నాలుగు రకాల ఈతలున్నాయి. ఇష్టమొచ్చినట్టు ఈదే ఫ్రీస్టయిల్, వెల్లకిల ఈత, కప్ప ఈత, రెండు చేతులూ ఒక్కసారే నీటిపై నుంచి విసిరే బటర్‌ఫ్లయ్. నియమాలు తెలియక పల్లె పిల్లలు గెలిచే పందెం కూడా పోగొట్టుకుంటారు. కప్ప ఈతలో, బటర్‌ఫ్లయ్‌లో మలుపు దగ్గరా చివరా గోడను రెండు చేతులతో ఒక్కసారే తాకాలి. ఒక చేత్తో తాకితే ముందు వచ్చినా లెక్కలోకి రాదు. కప్ప ఈత తప్ప మిగతా మూడు ఈతల్లో దూకాక గాని, గోడ తన్నాక గాని నీటి లోపల 15 మీటర్లకు మించి పోరాదు. సంకేతానికి ముందే దూకితే రెండో అవకాశం ఉండదు, ఆ ఒక్కదానికే తప్పిస్తారు. పొడుగు ఈల వినపడగానే దిమ్మె ఎక్కాలి, "టేక్ యువర్ మార్క్స్" అనగానే వంగి కదలకుండా ఉండాలి. ఈ ఇంగ్లీషు ముక్క ముందే చెవిన పడి ఉండటం మంచిది.

రేవులో మొదలైన ఈత ఎంత దూరం పోతుందో ఆరతీ సాహా కథ చెబుతుంది. కలకత్తాలో హుగ్లీ ఒడ్డు స్నాన ఘట్టంలో చిన్ననాడే నీళ్లకు అలవాటైన పిల్ల ఆమె. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి ఇంకా చిన్న పిల్లే. 1959 ఆగస్టులో ఇంగ్లీషు ఛానెల్ ఈదబోయి మధ్యలోనే ఆగిపోయింది. నెల తిరిగాక సెప్టెంబరు 29న మళ్లీ దిగి 16 గంటల 20 నిమిషాలకు ఒడ్డు చేరింది. ఆ ఛానెల్ ఈదిన తొలి ఆసియా మహిళ ఆమే. ఇక మనవాళ్ల సంగతి చూస్తే, నడివయసులో ఈత నేర్చుకున్న హైదరాబాదు మహిళ గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోడి దాకా 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని పద్నాలుగు గంటల లోపే ఈదారు. మా పిల్లవాడికి వయసు మించిపోయింది అనే తల్లిదండ్రులు ఈమెను తలచుకోవచ్చు.

విజయవాడలో బ్యారేజీ ఎగువన నిలిచిన కృష్ణలో దుర్గాఘాట్ నుంచి సుమారు కిలోమీటరున్నర ఈదే పోటీలు జరుగుతూ వచ్చాయి. పడవలు, కాపలా ఉండే పోటీ అది. సొంతంగా నది దాటే సాహసానికీ దానికీ పోలిక లేదు. కొలనులో ఆగకుండా కిలోమీటరు ఈదగలిగినవాడే దానికి పేరివ్వాలి. బడి పిల్లలకు స్కూల్ గేమ్స్‌లో 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాల్లో ఈత పోటీలు ఉన్నాయి. ఎంపికలు ఎప్పుడో, ఏ కొలనులోనో బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి అడగాలి. అడిగే పిల్లలు లేక చాలా బడుల్లో ఆ కాగితం వచ్చినా బల్ల మీదే ఉండిపోతుంది. ఎంపికకు ముందు కనీసం నాలుగైదు రోజులు విజయవాడలోని ఏదో ఒక కొలనులో ఈది చూసుకోవాలి. గోడ దగ్గర తిరగటం, మందు కలిపిన నీళ్లు, కళ్లద్దాలు, దిమ్మె మీద నుంచి దూకటం అన్నీ చెరువు కుర్రాడికి కొత్తే.

సాగుకు కాలువలు వదిలే లోపు, సెలవులు ఉండగానే, ఊరి చెరువులో పిల్లల పొట్ట కింద అరచేయి పెట్టి నిలబడే మేనమామలకు, బాబాయిలకు నెల రోజుల వ్యవధి ఉంటుంది. రోజూ అరగంట చాలు. పొద్దున్నే అయితే ఎండ కూడా ఉండదు.